ఎరువు పడని నేల

పిల్లలూ, నేను ముప్ఫయి నాలుగేళ్ళు బడిలో పాఠాలు చెప్పి, హెడ్మాస్టరుగా పదవి విరమించినవాణ్ణి. ఎన్నో వేలమంది పిల్లల తప్పులు దిద్దాను. కాని అరవై ఆరో ఏట నేను చేసిన ఒక తప్పును, తొమ్మిదేళ్ళ నా మనవరాలు ఎత్తి చూపవలసి వచ్చింది. ఆ తప్పు మూలంగా నేను ఒక కొత్త పాఠం నేర్చుకున్నాను. అదే మీకు చెబుతాను.

మా అమ్మాయి ఆస్ట్రేలియా ఖండానికి పడమటి తీరాన ఉన్న పెర్త్ నగరంలో కాపురం ఉంటున్నది. కిందటి సంవత్సరం జూలైలో నేను అక్కడికి వెళ్ళాను. మనకు వానలు పడే ఆ నెలలో వారికి చలికాలం. సెప్టెంబరు వచ్చేసరికి వారికి వసంతం. భూగోళానికి దిగువ సగంలో ఉన్న దేశం గనక అక్కడ రుతువులన్నీ మనకు తలకిందులు.

మా మనవరాలు బడిలో ఇచ్చిన ఒక చిన్న మొక్కను తెచ్చి పెరట్లో నాటుకున్నది. దాని పేరు బ్యాంక్సియా. 1770లో జోసెఫ్ బ్యాంక్స్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు కెప్టెన్ కుక్ ఓడలో ఆస్ట్రేలియాకు వెళ్ళి ఈ జాతి మొక్కలను సేకరించాడు. అందుచేత దానికి ఆయన పేరు పెట్టారు. ఆకులు రంపపు పళ్ళలాగా ఉంటాయి. పువ్వు మొక్కజొన్న పొత్తంత పెద్దది. ఆ పువ్వు కోసం మా పిల్ల రోజూ మొక్క దగ్గర కూర్చుని దాన్ని పలకరించేది.

నాకేమో ఆ మొక్కను చూస్తే జాలి వేసింది. అది పెరిగినది ఉత్త ఇసుక. ఆ నేలలో సత్తువ ఏముంటుంది? మాది పల్నాడు మెట్ట ప్రాంతం. మా నాయన వేసవి రాగానే చెరువు మట్టిని బండ్లకెత్తి చేలో తోలించేవాడు. గొర్రెల మందను రాత్రిళ్ళు చేలో కట్టించేవాడు. నేలకు పెట్టకుండా నేల నుంచి అడగరాదని ఆయన అనేవాడు. ఆ మాట విని పెరిగినవాణ్ణి నేను. ఒకనాడు మధ్యాహ్నం కూరగాయల మడి కోసం తెచ్చిన ఎరువు బస్తా విప్పి, రెండు గుప్పెళ్ళు ఆ మొక్క మొదట్లో వేసి, నీళ్ళు పోశాను. మనవరాలికి చెప్పలేదు. మొక్క ఏపుగా పెరిగినప్పుడు చూసి ఆశ్చర్యపోతుందిలే అనుకున్నాను.

కొద్ది వారాల్లో ఆకులు పసుపు రంగుకు తిరిగాయి. తరవాత కొసలు మాడిపోయాయి. ఆగస్టు నెల పోకముందే మొక్క చచ్చిపోయింది.

"తాతయ్యా, నా మొక్కకు ఏమయింది?" అని పిల్ల ఏడుస్తూ అడిగింది. జరిగింది చెప్పక తప్పలేదు. అంతా విని అది కళ్ళు తుడుచుకుని, "తెలియకపోతే అడగాలని మీరే కదా అంటారు, తాతయ్యా?" అన్నది. ముప్ఫయి నాలుగేళ్ళు నేను పిల్లలకు చెప్పిన మాట అది. నాకు నోట మాట రాలేదు.

ఆ ఆదివారం మేము నగరంలోని కింగ్స్ పార్కుకు వెళ్ళాం. అది సుమారు వెయ్యి ఎకరాల ఉద్యానవనం. అందులో చాలా భాగం తోట కాదు, అసలైన అడవి. అక్కడ వచ్చినవారిని వెంటబెట్టుకుని చెట్ల సంగతులు చెప్పే పెద్దవారు ఉంటారు. వారు జీతం పుచ్చుకోరు. మాకు తోడుగా వచ్చినది నా ఈడు ముసలామె. మా మనవరాలు నన్ను వెనక వేసుకురాకుండా జరిగినదంతా ఆమెతో చెప్పింది.

ఆమె నవ్వలేదు. నేలమీద కూర్చుని, ఒక బ్యాంక్సియా మొదట్లో ఇసుక కాస్త తొలగించి మాకు వేళ్ళు చూపించింది. సన్నని పిల్లవేళ్ళు గుత్తులు గుత్తులుగా, సీసాలు కడిగే బ్రష్షులాగా ఉన్నాయి. ఆమె చెప్పినది ఇది:

మొక్కకు కావలసిన ముఖ్యమైన ఆహారాల్లో భాస్వరం ఒకటి. అది రాతి నుంచి మట్టిలోకి వస్తుంది. పడమటి ఆస్ట్రేలియాలో పెర్త్‌కు తూర్పున ఉన్న రాళ్ళు 250 కోట్ల ఏళ్ళకు మించినవి. కోట్ల ఏళ్ళుగా అక్కడ అగ్నిపర్వతాలు కొత్త రాయి పోయలేదు, మంచునదులు పాత రాతిని గీకి కొత్త మట్టి చేయలేదు. వానలు మాత్రం కురిసి కురిసి, ఉన్న సారాన్నంతా కడిగివేశాయి. మన ఆదిలాబాదు నల్లరేగడి సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ కిందట పారిన లావా రాతి నుంచి పుట్టినది. భూమి లెక్కలో అది నిన్నటి పిల్ల. ఆ రాతి ముందు ఇక్కడి పాత రాయి ముత్తవ్వ వంటిది.

అలాంటి నేలలో బ్యాంక్సియా ఎలా బతుకుతున్నది? ఆ వేళ్ళ గుత్తులు నిమ్మపులుపు వంటి ఆమ్లాలను మట్టిలోకి విడుస్తాయి. ఇనుముతో, అల్యూమినియంతో కలిసి బిగుసుకుపోయిన భాస్వరం ఆ పులుపుకు ఊడివస్తుంది. దొరికిన రవ్వంతా వేళ్ళు పీల్చుకుంటాయి. "చాలు" అనే మాట ఆ వేళ్ళకు రాదు. ఎందుచేతనంటే, కోట్ల ఏళ్ళలో ఆ మాట అనవలసిన అవసరం వాటికి కలగలేదు. అటువంటి మొక్కకు నేను రెండు గుప్పెళ్ళు భాస్వరపు ఎరువు పెట్టాను! లంఖణాలు చేసి లేచినవాడికి పెళ్ళిభోజనం పెట్టినట్టయింది. పెట్టినదంతా అది తిన్నది, తిని చచ్చింది.

"మీరు ఒక్క మొక్కనే కదా చంపారు," అన్నదామె. "ఆ పనే మేము కొన్ని కోట్ల ఎకరాల్లో చేశాము. చూడాలని ఉంటే యార్క్ వెళ్ళండి. అక్కడ మా అన్నయ్యకు పొలం ఉన్నది." ఆమె తానే అన్నగారికి ఫోను చేసి మా సంగతి చెప్పింది.

యార్క్ పెర్త్‌కు తూర్పున సుమారు 100 కిలోమీటర్ల దూరాన, ఏవన్ నది ఒడ్డున ఉన్నది. అంతకు ముందు వేల ఏళ్ళుగా అది నూంగర్ జాతి వారి భూమి. ఇంగ్లండు నుంచి వచ్చినవారు అక్కడ 1831లో ఊరు కట్టుకున్నారు. సెప్టెంబరులో ఒక శనివారం పొద్దున మేము కారులో బయలుదేరాం. మొదట డార్లింగ్ కొండలు ఎక్కాం. రోడ్డుకు రెండు పక్కలా ఎత్తయిన జారా చెట్లు. కొండలు దాటి దిగగానే అడవి పోయింది. ఎటు చూసినా పచ్చని గోధుమ చేలు, పసుపుపచ్చగా పూచిన ఆవజాతి పంట చేలు. చక్కని దృశ్యమే. కాని చెట్టు కోసం వెదుకుకోవలసి వచ్చింది.

ఆ ముసలాయన మా కోసం గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. ఎండకు కమిలిన ముఖం, పెద్ద టోపీ. ఆయన మమ్మల్ని ఒక కంచె దగ్గరికి తీసుకుపోయి, "ముందు ఇటు చూడండి, తరవాత అటు చూడండి," అన్నాడు.

కంచెకు ఎడమ పక్కన ఎన్నడూ దున్నని చిన్న అడవి ముక్క. అందులో యార్క్ గమ్ చెట్లు. అవి మన నీలగిరి చెట్లకు చుట్టాలు. మొదట గరుకు బెరడు, పైన నున్నని కొమ్మలు. వాటి మధ్య జామ్ చెట్లు. ఇవి మన తుమ్మకు చుట్టాలు. దీని కర్రను కోస్తే పండ్ల జాము వాసన వస్తుందట, అందుకే ఆ పేరు. కింద నేలంతా గులాబి, తెలుపు, పసుపు రంగుల చిన్న పూలు. ముట్టుకుంటే కాగితంలాగా గరగరలాడాయి. కోసి ఉంచినా వాడిపోని జాతి అది. మా మనవరాలు లెక్కపెట్టడం మొదలుపెట్టి, ఒక్కచోట నిలబడే పదిహేడు రకాల మొక్కలు చూపించింది.

కుడి పక్కన పాత గోధుమ చేను. ఆయన సాగు మానేసి పదిహేనేళ్ళయింది. ఆ చేను బీడు పడిపోయి ఉన్నది. అయితే మనం అనుకునే ఎండిన బీడు కాదు. నడుము ఎత్తున అడవి యవలు, వాటి అంచున పసుపు పూల కేప్‌వీడు కలుపు. ఎంత వెదికినా మా పిల్లకు నాలుగు రకాలకు మించి కనబడలేదు. ఆ నాలుగూ ఇతర దేశాల నుంచి వచ్చినవే.

"మధ్య ఉన్నది ఒక కంచె. గింజలు ఎగిరి రావడానికి అడ్డమేమీ లేదు. మరి పదిహేనేళ్ళలో ఆ పూలు ఇటు ఎందుకు రాలేదో చెప్పగలవా?" అని ఆయన మా పిల్లను అడిగాడు.

అది నా వంక ఒకసారి చూసి, "నేలలో ఎరువు ఉండిపోయిందా?" అన్నది.

ఆయన టోపీ తీసి దానికి దండం పెట్టినంత పనిచేశాడు.

ఆ సంగతి ఆయన ఇలా వివరించాడు. మొదట వచ్చిన రైతులు యార్క్ గమ్, జామ్ చెట్లు ఉన్న నేలను చూసి, చుట్టుపక్కల నేలలకన్న ఇది మంచిదని కొట్టి గోధుమ వేశారు. ఆ మంచి నేలలో కూడా భాస్వరం తక్కువే. అందుచేత సూపర్ ఫాస్ఫేటు తెచ్చారు. రాతి భాస్వరాన్ని గంధకికామ్లంతో కలిపి చేసే ఎరువు అది. 1842లో ఇంగ్లండులో జాన్ లాస్ అనే ఆయన దానికి పేటెంటు పొందాడు. నౌరూ, క్రిస్మస్ ద్వీపాల నుంచి ఆ రాతిని ఓడల మీద ఆస్ట్రేలియాకు తెచ్చేవారు. దానికి తోడు, నత్రజనిని నేలలో నిలిపే ఒక జాతి పిల్లిపెసర వంటి మేతమొక్కను వేశారు. పంటలు విరగపండాయి. 1960ల్లో అక్కడి ప్రభుత్వం "ఏడాదికి పది లక్షల ఎకరాలు" అంటూ కొత్త భూమిని సాగులోకి తెచ్చింది.

"మా నాన్న ఎరువు బస్తాలు భుజాన మోసేవాడు," అన్నాడా ముసలాయన. "ఆయన్ను నేను తప్పు పట్టను. ఆ బస్తాలే మమ్మల్ని చదివించాయి. మీ దేశానికి కూడా ఒకప్పుడు మా గోధుమ వచ్చింది. కాని సాగు మానేస్తే అడవి తనంతట తాను తిరిగి వస్తుందనుకున్నాం చూడండి, అదే మాకు తెలియని సంగతి. నత్రజని కొన్నేళ్ళకు తగ్గవచ్చు. భాస్వరం అలా పోదు. మట్టిని పట్టుకుని పదుల సంవత్సరాలు ఉండిపోతుంది."

ఎరువు ఎక్కువైతే పూలు ఎందుకు పోతాయి? మీరు బంతి భోజనం తలుచుకోండి. వడ్డన తక్కువగా ఉన్నప్పుడు నెమ్మదిగా, పొదుపుగా తినేవారికి కూడా ఇంత దొరుకుతుంది. వడ్డన ఎక్కువైతే ఆబగా తినేవారు విస్తరి మీద విస్తరి లాగి, పక్కవారిని తోసేస్తారు. అడవి యవలు అటువంటివి. సారం దొరికితే చకచకా పెరిగి, ఎండ కిందికి దిగకుండా కప్పేస్తాయి. పేద నేలకు అలవాటు పడిన చిన్న పూలమొక్క ఆ నీడలో ఊపిరాడక చస్తుంది.

ఇది ఒక్క ఆస్ట్రేలియా సంగతే కాదు. పైన చెప్పిన జాన్ లాస్‌కు ఇంగ్లండులో రోథమ్‌స్టెడ్ అనే చోట భూమి ఉండేది. ఆయన, గిల్బర్ట్ అనే శాస్త్రజ్ఞుడు కలిసి 1856లో అక్కడ ఒక పచ్చిక బయలును మళ్ళుగా విడదీసి, మడికొక రకం ఎరువు వేయసాగారు. ఆ పరీక్ష నేటికీ సాగుతున్నది. ఎరువు వేయని మళ్ళల్లో సుమారు నలభై రకాల మొక్కలు ఉంటే, నత్రజని బాగా పడి నేల పులిసిపోయిన మళ్ళల్లో రెండు మూడు రకాలే మిగిలాయి. గడ్డి దిగుబడి పెరిగింది, మొక్కల రకాలు తరిగాయి. ఎరువును కనిపెట్టినవాడి పొలంలోనే ఈ సంగతి కూడా బయటపడింది చూశారా!

ముసలాయన తన బీడులో నాలుగు మళ్ళు చేసి, ఒక్కొక్క దానిలో ఒక్కొక్క వైద్యం చేస్తున్నాడు.

మొదటి మడిలో ఊరికే మొక్కలు నాటాడు. కలుపు వాటిని మింగేసింది.

రెండో మడిలో ప్రతి వసంతంలోనూ గింజ రాలకముందే గడ్డి కోసి, మోపులు కట్టి, చేను బయటికి తోలివేస్తాడు. గడ్డితో పాటు కొంత సారం కూడా పోతుంది. మా నాయన బండ్లతో సారాన్ని చేలోకి తోలితే, ఈయన బండ్లతో బయటికి తోలుతున్నాడు! కాని ఇది చాలా నిదానమైన పని. భాస్వరం తగ్గడానికి ఏళ్ళూ పూళ్ళూ పడుతుంది.

మూడో మడిలో పైమట్టిని జానెడు లోతుకు తక్కువగా గీకి తీసివేశాడు. భాస్వరం ఎక్కువగా పైమట్టిలోనే ఉంటుంది. కలుపు గింజలు కూడా అక్కడే ఉంటాయి. రెండూ ఒక్కసారిగా పోయాయి. దానితో పాటు మట్టిలోని మంచి సూక్ష్మజీవులు కూడా కొన్ని పోయాయి. ఖర్చూ ఎక్కువే. తీసిన మట్టిని ఎక్కడ పోయాలన్నది మరొక చిక్కు. ఆయన దాన్ని తన కూరగాయల తోటకు తోలాడు.

నాలుగో మడి దగ్గర మా మనవరాలు పకపకా నవ్వింది. ఎందుకంటే, ఆయన అందులో పంచదార చల్లాడు!

ఇది వేళాకోళం కాదు. మాగని గడ్డిని గాని, పచ్చి రంపపు పొట్టును గాని మట్టిలో కలిపితే పైరు పసుపు రంగుకు తిరగడం మన రైతులకు తెలుసు. మట్టిలోని సూక్ష్మజీవులకు పొట్టులోనూ, గడ్డిలోనూ ఉన్న కర్బనం తిండి. పంచదార అయితే మరీ త్వరగా అరిగే తిండి. అది దొరకగానే అవి లక్షలూ కోట్లుగా పెరుగుతాయి. పెరగడానికి వాటికి నత్రజని కూడా కావాలి. దాన్ని మట్టిలో నుంచి లాగేసుకుంటాయి. కలుపుకు తిండి కరవవుతుంది. ఆస్ట్రేలియా తూర్పున న్యూ సౌత్ వేల్స్‌లో సుజాన్ ప్రోబర్, ఆమె తోటి శాస్త్రజ్ఞులు ఈ పరీక్ష చేసి, 2005లో ఫలితాలు ప్రకటించారు. పంచదార పడినచోట నత్రజని తగ్గింది, కలుపు తగ్గింది, కంగారూ గడ్డి అనే స్వదేశపు గడ్డి నిలదొక్కుకున్నది. ఒకసారి నాటుకున్నాక ఆ గడ్డే నత్రజనిని పెరగనీయకుండా కాపలా కాస్తుంది. ఈ గడ్డి మన దేశంలో కూడా ఉన్నది.

అయితే ఇక్కడ ఒక లెక్క ఉన్నది. ముసలాయన చదరపు మీటరుకు అరకిలో చొప్పున చల్లాడు. ఎకరమంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. ఒక్కసారి చల్లడానికి ఎకరానికి ఎంత పంచదార కావాలి? పెన్సిలు తీసి చూడండి. రెండు వేల కిలోల పైమాట! మా మనవరాలు నోటితోనే లెక్కకట్టి, "అమ్మో!" అన్నది. అందుచేత ఆయన పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు ఉన్న చిన్న మడికే సరిపెట్టుకున్నాడు. పైగా పంచదార నత్రజనినే అణుస్తుంది, భాస్వరం జోలికి పోదు.

"మరి మీరు ఎలా చేస్తారు?" అని నేను అడిగాను.

"ఏ మందు ఏ నేలకు పడుతుందో చూసుకుంటాను," అన్నాడాయన. "మట్టిని పరీక్ష చేయించాను. భాస్వరం ఎక్కువ ఉన్నచోట, దాన్ని కొంత ఓర్చుకునే యార్క్ గమ్, జామ్ చెట్లు వేస్తున్నాను. పైమట్టి తీసిన చోట హేకియా వేస్తున్నాను. అది బ్యాంక్సియాకు చుట్టం. దానికీ ఎరువు పడదు."

మూడో మడిలో మోకాలెత్తు హేకియాలు ఉన్నాయి. వాటి మొదట్లో ఐదారు కాగితపు పూలు కూడా పూచాయి. పదిహేనేళ్ళలో కంచె దాటి వచ్చిన మొదటి పూలు అవి. వాటిని చూపించేటప్పుడు ఆయన గొంతు కొంచెం మారింది.

ఆ సమయంలో ఆకాశంలో కీచుమని అరుపులు వినిపించాయి. తోకలో తెల్లని పట్టీ ఉన్న నల్లని పెద్ద చిలుకలు నాలుగు యార్క్ గమ్ చెట్ల మీదుగా ఎగిరిపోయాయి. వాటిని కార్నబీ కాకటూలు అంటారు. అవి హేకియా, బ్యాంక్సియా గింజలు తింటాయి, ముసలి చెట్ల తొర్రల్లో గుడ్లు పెడతాయి. అటువంటి తొర్ర ఏర్పడడానికి చెట్టుకు నూరేళ్ళ పైన పడుతుంది. తిండీ, తొర్రా రెండూ తరిగిపోయి ఆ జాతి అంతరించే ప్రమాదంలో పడింది.

"మా చిన్నతనంలో అవి ఎగిరిపోతుంటే లెక్కపెట్టలేకపోయేవాళ్ళం. ఈ చెట్ల తొర్రలు చూడడానికి నేను ఉండను. ఆ చిలుకలు ఉండాలి," అన్నాడాయన.

తిరిగి వచ్చేటప్పుడు నేను కారులో చాలాసేపు మా నాయన గురించి ఆలోచించాను. ఆయన చెప్పినది తప్పు కాదు. ఏటా పంటను ఇంటికి తెచ్చుకునే చేను తిండి అడుగుతుంది, పెట్టవలసిందే. ఈ కథ చదివి మీరు మీ నాన్నగారిని ఎరువు వేయవద్దనకండి. మట్టి పరీక్ష చేయించి, కావలసినంత వేయమనండి. కాని అడవి చేను కాదు. దానికి మనం పెట్టేది ఒక్కొక్కప్పుడు విషమవుతుంది. పెట్టిన దాన్ని తిరిగి తీయడం, పెట్టడంకన్న నూరు రెట్లు కష్టం.

నేను ఇండియాకు బయలుదేరేముందు మనవరాలికి ఇంకొక బ్యాంక్సియా మొక్క కొని తెచ్చాను. అది పాత గుంటలో నాటనివ్వలేదు. "అక్కడ మీ ఎరువు ఉన్నది, తాతయ్యా," అని చెప్పి, పెరటికి అవతలి మూల గుంట తవ్వింది. మొక్కను నాటి, మట్టి సర్ది, చెంబు నా చేతికిచ్చింది.

"ఏం పోయమంటావు?" అని అడిగాను.

"నీళ్ళే," అన్నది.

నీళ్ళే పోశాను.